జెనరేటర్ పుస్తకంలో మిగిలిన పేజీలు

మార్చి 3, సోమవారం

కొత్త పుస్తకం కొనడం దండగనిపించి పాత జెనరేటర్ లాగ్‌బుక్ బయటికి తీశాను. సగం ఖాళీగానే ఉంది. చివరి పేజీ నుంచి వెనక్కి రాసుకుంటూ వస్తాను. ముందువైపు నేను స్కేలు పెట్టి గీసిన గళ్ళున్నాయి: సమయం, ఇంజను వేగం చెప్పే హెర్ట్జ్, నీళ్ళ వేడి, గమనిక. జెనరేటర్ నడుస్తున్నంతసేపూ గంటకోసారి రాసేవాణ్ణి. ఇప్పుడు అటువైపు చూడాల్సిన పని లేదు.

ఇదంతా ఎందుకంటే ఈ రోజు షెడ్డుకి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో హెల్మెట్టు, జేబులో నాలుగు పెన్నులు. రాత్రంతా పాటలేసుకుని ఆడిన పాత పార్టీల టేపులు వెతికి రికార్డులుగా వేస్తుందట. నేను ఆసుపత్రి వాళ్ళ జెనరేటర్ ఇంజెక్టర్లు విప్పుకుని కూర్చున్నాను, మోచేతుల దాకా నలుపు. "క్వారీ పార్టీలకి కరెంటిచ్చింది మీరేనా సార్?" అంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. అవునన్నాను. ఎందుకో గుడ్డ వెతికి చేతులు తుడుచుకున్నాను.

ఆ అమ్మాయికి కావలసింది ఒకే ఒక్క టేపు. రాళ్ళ క్వారీలో మా చివరి పార్టీ, తెల్లవారాక నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఒక కొత్త రకం సంగీతం పుట్టిందనీ, దాన్ని ఏమని పిలవాలో తేలక కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారనీ చెప్పింది. టేపు మా అక్క మొగుడు, బావ దగ్గరుంది. ఆ రోజు రికార్డులు వేసింది మా తమ్ముడు చిన్నోడు. ఇద్దరూ సంతకం పెట్టాలి. రికార్డు అట్ట మీద 'రకం' అన్నచోట ఏం రాయాలో ఇద్దరూ ఒప్పుకోవాలి.

"ఇద్దర్నీ ఒకసారి కూర్చోబెడతారా సార్?"

నవ్వొచ్చింది. బావకీ చిన్నోడికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. కానీ ఆ టేపు కూడా ఎక్కువ కాలం ఆగదట, పొర లేచిపోతోందట. బావ రెండు నిమిషాల ముక్క వినిపించి, మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసేశాడట. చూస్తానన్నాను.

మార్చి 4

చూడలేదు.

మార్చి 6, గురువారం

రాసుకుంటే నాకైనా తేలుతుందేమో.

నా తమ్ముడని చెప్పడం కాదు గానీ, ఆ రోజుల్లో చిన్నోడి చేతిలో రికార్డు పడితే నిలబడ్డవాడు నిలబడినట్టుండేవాడు కాదు. బావ మంచాలూ తలుపులూ చేసే వడ్రంగి. అక్క పోరు పడలేక మాకోసం స్పీకరు పెట్టెలు చేశాడు, ఒక్కొక్కటీ బీరువా అంత. నేను జెనరేటర్. టికెట్టు లేదు, గేటు లేదు, పోస్టరు లేదు. ఎవరు వాయిస్తున్నారో, ఏం వాయిస్తున్నారో ఎక్కడా రాయకూడదన్నది మా నియమం. వెళ్ళేటప్పుడు మాత్రం తలా ఒక సంచి చెత్త ఏరాలి. అలా పేర్లే వద్దనుకున్నవాళ్ళం, చివరికి పేరు కోసమే విడిపోయాం.

ఈ రకాల గొడవ నా బుర్రకెక్కదు. నాకు ఇంజను మూలుగును బట్టి తెలుస్తుంది. హౌస్ అనే రకం పాట వేస్తే సాఫీగా పోతుంది. టెక్నోకి దెబ్బ దెబ్బకీ గొణుగుతుంది. కింది స్వరాల బరువే ప్రాణమైన డబ్ వేస్తే ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది. హార్డ్‌కోర్‌కి నల్లపొగ వదులుతుంది. ఇంత సుళువైన పద్ధతి ఉండగా వీళ్ళకి వాదనలెందుకో.

ఆ చివరి పార్టీలో తెల్లవారాక పాట ఉన్నట్టుండి నెమ్మదించింది. నెమ్మదించి, బరువెక్కింది. వెళ్ళిపోతున్న జనం వెనక్కి వచ్చారు. తానే రికార్డు అంచు మీద వేలు ఒత్తి నెమ్మది చేశానని చిన్నోడు చెప్పాడు. అప్పట్నుంచి వాడికి 'వేలు' అని పేరు. తర్వాత పదేళ్ళకి ఎవరో దాని గురించి పెద్ద వ్యాసం రాశారు. స్లో టెక్నో అన్నారు. చిన్నోడి పేరు తప్ప ఇంకో పేరు లేదు అందులో.

అక్కవాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ అంటుకుంది. "వేలు ఎవడైనా పెడతాడు. ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? నా పెట్టెల్లోంచి. అది టెక్నో కాదు, డబ్. క్వారీ డబ్" అన్నాడు బావ. "పెట్టెలదేముంది బావా, ఏ పెట్టెలైనా ఒకటే" అన్నాడు చిన్నోడు. అనకుండా ఉండాల్సింది. బావ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత చిన్నోడు ఆ గడప తొక్కలేదు.

నేను మధ్యలో కూర్చుని అన్నం తింటూనే ఉన్నాను. నాకేం సంబంధం.

మార్చి 9, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. మామూలుగా అక్క ఫోనంటే ముందు తిట్లు, తర్వాత కుశలం. ఈ రోజు తిట్టలేదు.

"పెద్దోడా, బావకి ఎడమ చెవి పూర్తిగా పోయిందిరా. కుడిది కూడా ఈ ఏడాది దాటదంటున్నాడు డాక్టరు."

"ఎప్పట్నుంచే?"

"ఏమో, చెప్తాడా మహానుభావుడు! మొన్న రంపం తిరుగుతూనే ఉంది, ఆగిందనుకుని చెయ్యి పెట్టబోయాడు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. రోజూ ఆ టేపు పెట్టుకుని పెట్టెకి చెవి ఆనించి కూర్చుంటున్నాడురా. చిన్నోడు ఒక్కసారి వచ్చి, బావా నీ పెట్టెలు బాగున్నాయి అంటే వాడి సొమ్మేం పోతుంది? వినపడుతుండగానే అనాలి కదరా ఆ మాట."

చెప్పి చూస్తానన్నాను.

మార్చి 10

ముందు పేజీలు తిప్పలేదు.

మార్చి 13, గురువారం

చిన్నోడు మేడ మీద గదిలోనే ఉంటాడు కాబట్టి పట్టుకోవడం కష్టం కాదు. స్కూలు బస్సు దింపేసి నాలుగున్నరకి వస్తాడు. టీ పెట్టి పిలిచాను. బావ చెవి సంగతి చెప్పాను. కప్పు పట్టుకుని చాలాసేపు ఊదాడు. టీ అప్పటికే చల్లారిపోయింది.

"వెళ్ళి ఏమనమంటావన్నయ్యా?"

"పెట్టెలు బాగున్నాయను. అంతే కదా."

"పెట్టెలు బాగున్నాయంటే నా వేలు అబద్ధమా అంటాడు."

"అంటే అననీ."

వాడు నా వైపు అదోలా చూశాడు. నేను కప్పులు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను.

ఇంతలో ఆ పెన్నుల అమ్మాయి ఫోన్ చేసింది. బావ వినిపించిన ముక్కని ఫోన్లో రికార్డు చేసుకుందట, కొలిచి చూసిందట. "సార్, వేలితో ఒత్తితే వేగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కదా. ఇది గీత గీసినట్టు సమంగా ఉంది. రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ళూ ఒకే కొలతన నెమ్మదించాయి. ఒక మనిషి రెండు వేళ్ళతో ఎలా చేస్తాడు సార్?" అంది. గొప్ప చెయ్యి అండీ మావాడిది అన్నాను. చిన్నోడు మెట్ల మీద నిలబడి వింటున్నాడు. వాడు పైకి వెళ్ళేదాకా నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను, అవతల ఎవరూ లేకపోయినా.

మార్చి 14

ఆసుపత్రి జెనరేటర్ అయిపోయింది. యాభై దగ్గర సూది అలా అతుక్కుపోయింది. నా చేతిలో బాగుపడ్డ ఇంజను తేడా చెయ్యదని వాళ్ళ స్టోర్‌కీపర్ అన్నాడు. నిజమే. ఎప్పుడూ చెయ్యలేదు.

నాకేం సంబంధం అసలు. వాళ్ళిద్దరి గొడవ.

మార్చి 17, సోమవారం

తిప్పాను.

చివరి పార్టీ పేజీ. ఐదు గంటలకి: 50. నీళ్ళ వేడి 92. గమనిక: ఏమీ లేదు. ఆరూ పదికి: 44. వేడి 108. గమనిక: ఏమీ లేదు. ఆరూ యాభైకి: 50. వేడి 90. గమనిక: ఏమీ లేదు.

గంటకోసారి రాసేవాణ్ణి ఆరూ పదికెందుకు రాశానో నాకు తెలుసు.

ఆ పొద్దున రేడియేటర్ నీళ్ళు మరగడం మొదలైంది. ఆపితే పార్టీ ఆగుతుంది, ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. వేగం తగ్గించడానికి నేను థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగాను. యాభై హెర్ట్జ్ మీదున్న సూది నలభై నాలుగుకి దిగింది. మా టర్న్‌టేబుళ్ళు పాత బెల్టువి, వాటి మోటార్లు కరెంటు ఎలా వస్తే అలా తిరిగే రకం. ఇంజను నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి, రెండూ ఒకే కొలతన. బావ టేప్‌రికార్డరు బ్యాటరీలది కాబట్టి అది మాత్రం మామూలుగా తిరిగి, ఆ నెమ్మదిని ఉన్నదున్నట్టు పట్టుకుంది. నీళ్ళు చల్లారాక మళ్ళీ థ్రాటిల్ ముందుకి నెట్టాను. అదీ నలభై నిమిషాల సంగతి.

ఎవరి వేలూ లేదు.

పంతొమ్మిదేళ్ళుగా కుర్రాళ్ళు కొట్టుకుంటున్న ఆ కొత్త రకం సంగీతం, నా రేడియేటర్‌లో తుప్పు.

మార్చి 18

చిన్నోడి కోసమే ఇన్నాళ్ళూ చెప్పలేదు. వాడికి ఉన్నదల్లా ఆ ఒక్క పేరు. బస్సు తోలుకునేవాణ్ణి, 'వేలు' మీరేనా అని ఎవరైనా అడిగితే నాలుగు రోజులు ఈల వేసుకుంటూ తిరుగుతాడు. దాన్ని నా చేత్తో నేను ఎలా లాక్కుంటాను? అన్నని కదా.

చిన్నోడి కోసమే.

మార్చి 19

చిన్నోడి కోసమే అని నిన్న రెండుసార్లు రాశాను.

మార్చి 21, శుక్రవారం

చెప్పేద్దామని బావ దగ్గరికి వెళ్ళాను. బావ పనిచేసే గది నిండా చెక్కపొట్టు. ఆ రెండు పెట్టెలూ గోడవార ఉన్నాయి, మీద ఉలులూ బద్దలూ సర్ది. కుడి చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు.

"ఏమోయ్, ఆ అమ్మాయి పంపిందా?"

"లేదు బావా, ఊరికే."

"ఊరికే వచ్చే మొహమా నీది!" నవ్వాడు. "నేనేం మొండికెయ్యడం లేదురా. ఆ పెట్టెల అడుగున పలక ఎంత మందమో తెలుసా? రెండు నెలలు పట్టింది ఒక్కొక్కటి. వాడు ఏ పెట్టెలైనా ఒకటే అన్నాడు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోనీ. తర్వాత వాడు దాన్ని ఏ పేరు పెట్టి పిలుచుకుంటాడో పిలుచుకోనీ."

"పిలుచుకోనిస్తావా?"

"ఇవ్వను. అది డబ్ రకమే. కానీ అరుచుకుందాం, కూర్చుని."

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. బావ అరచెయ్యి పెట్టె మీద ఆనించి, "చెవి పోయినా ఇది తెలుస్తుందిరా, చేతికి" అన్నాడు. అక్క టీ తెచ్చింది. తాగి వచ్చేశాను.

సిగ్గుగా ఉంది. రాసుకోవడానికి కూడా.

మార్చి 23, ఆదివారం

చెప్పాను. బావకి కాదు, చిన్నోడికి.

పొద్దున్నే పుస్తకం పట్టుకుని మేడెక్కాను. వాడు బస్సు యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పేజీ తెరిచి మంచం మీద పెట్టి, ఆరూ పది దగ్గర వేలు పెట్టి చూపించాను. వాడు వంగి చూశాడు. ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టాడు.

"రాసి పెట్టుకున్నావా? నువ్వు మామూలోడివి కాదన్నయ్యా."

"అది కాదురా. చూడు. నలభై నాలుగు."

"చూశాను. నాకు తెలుసు."

మంచం మీద కూర్చున్నాను.

"ఇంజను తగ్గింది తెలియకపోతే నేనేం వాయించేవాణ్ణి?" అన్నాడు. "వేగం పడిపోగానే ముందున్నవాళ్ళు, జెనరేటర్ పోయిందిరోయ్ అని గోల చేశారు. నువ్వు అటునుంచి ముఖం వేలాడేసుకుని వస్తున్నావు. రెండు రోజులు కన్ను మూయలేదు నువ్వు. అంతకుముందు పార్టీలో ఒకసారి ఆగిపోతే మూడు రోజులు అన్నం ముట్టలేదు, గుర్తుందా? అందుకని మైకు తీసుకుని, పోవడమేంటి, నేనే తగ్గించాను, చూస్కోండి అని వేలు పెట్టి చూపించాను. నువ్వు వింటావని."

విన్నాను. ఆ రోజు ఆ మాట విని నేను వెనక్కి తిరిగి ఇంజను దగ్గరికి వెళ్ళిపోయాను. వాడు నిజంగా అలాగే అనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. బతికిపోయాను అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను ఆ మాట.

"మరి తర్వాతైనా చెప్పొచ్చు కదరా?"

"తర్వాత బాగుందన్నారు కదా!" నవ్వి, చొక్కా చెయ్యి సరిచేసుకున్నాడు. "మొదటి వారం నీకోసమే అన్నయ్యా. ఆ తర్వాత నాకోసం."

నేను పంతొమ్మిదేళ్ళు నీకోసమే నోరు మూసుకున్నానురా అందామని వెళ్ళాను. అనలేకపోయాను. 'ఏమీ లేదు' అని రాసినప్పుడు వాడి వేలి సంగతి నాకింకా తెలియదు. సిరా ఆరాకే వాడు మైకు తీసుకున్నాడు. నా ఇంజను తేడా చెయ్యదని అనిపించుకోవడానికి రాశాను, అంతే.

మధ్యలో బావ. మేమిద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ ఆయన్ని తొమ్మిదేళ్ళు ఒంటరిగా కూర్చోబెట్టాం.

"ఆ పెట్టెలే లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో తెలుసా?" అన్నాడు చిన్నోడు. "పాట సాగి, చప్పబడి, జనం ఇంటికి పోయేవాళ్ళు. కింది స్వరాలన్నీ ఇంకా కిందకి దిగిపోయాయి. ఆయన పెట్టెలు కాబట్టి పలికాయి. నాకు ఆ రోజే తెలుసు."

"మరి ఏ పెట్టెలైనా ఒకటే అన్నావు కదరా."

"అన్నాను."

చొక్కా మడత పెట్టాడు. అప్పటికే మడత పెట్టి ఉంది.

మార్చి 24

చిన్నోడు పాత టర్న్‌టేబుళ్ళు అటక మీంచి దింపాడు. బెల్టులు పిండిపిండిగా రాలిపోయాయి. నా దగ్గర పంపు బెల్టులున్నాయి, సరిపోవు. వాడే ఎక్కణ్ణుంచో తెస్తానన్నాడు. ఏం చేద్దామనో చెప్పడు.

మార్చి 26

క్వారీ రోజుల నాటి ఇంజను కవర్ తీశాను. పంతొమ్మిదేళ్ళలో రేడియేటర్ మార్చాను, హోస్‌లు మార్చాను. థ్రాటిల్ పిడి మాత్రం అదే.

మార్చి 28

అక్కకి ఫోన్ చేసి, ఆదివారం మేమిద్దరం వస్తున్నామన్నాను. "ఇద్దరంటే?" అంది. ఇద్దరమే అన్నాను. ఫోన్ పెట్టేసింది. ఐదు నిమిషాలకి మళ్ళీ చేసి, "బావకి చెప్పలేదు, చెప్పనా వద్దా?" అంది. చెప్పమన్నాను. మళ్ళీ పెట్టేసింది.

మార్చి 30, ఆదివారం

సాయంత్రం అయిదు. బావ గది బయట, జెనరేటర్ ట్రాలీ మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి ఈసారి.

మూడింటికి వచ్చాం. పెట్టెల మీది ఉలులన్నీ తీసేసి, తుడిచి, వైర్లు కలిపి ఉన్నాయి. బావ చిన్నోడి వైపు చూడలేదు. చిన్నోడు బావ వైపు చూడలేదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు, నాకేదో తెలిసినట్టు. అక్క తలుపు దగ్గర కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

ఇంజను లేపాను. యాభై. చిన్నోడు ఆ రోజు వేసిన రికార్డే వేశాడు. మామూలు టెక్నో, చకచకా. బావ కుడి చెవి అటు తిప్పి, అరచెయ్యి పెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాడు. నిమిషం ఆగి చిన్నోడు నా వైపు చూసి తలూపాడు. నేను థ్రాటిల్ వెనక్కి లాగాను.

పాట దిగింది. గది బరువెక్కింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

చిన్నోడు రెండు చేతులూ పైకెత్తాడు. వేళ్ళన్నీ చాచి, తల మీదుగా, బావకి కనబడేలా. అలాగే నిలబడ్డాడు.

బావ ఆ చేతుల్ని చూశాడు. తిరుగుతున్న రికార్డుని చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి తలుపులోంచి ఇంజనునీ, నా చేతినీ చూశాడు.

"ఏరా పెద్దోడా?"

"అవును బావా." పుస్తకం తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని గళ్ళ వెంట వేలు జరుపుకుంటూ చదివాడు. గమనిక దగ్గర ఆగాడు.

"ఏమీ లేదా?" అన్నాడు. అరవలేదు. "తొమ్మిదేళ్ళు మీ అక్క మూడు కంచాలు పెట్టి, వీడి నాలుగోది తీసి లోపల పెట్టుకుంది. ఏమీ లేదా?"

తప్పయింది బావా అన్నాను. ఆ మాట చెవికి అందిందో లేదో తెలియదు, నా ముఖం చూసి తలూపాడు.

చిన్నోడు చేతులు దించి వచ్చి, బావ కుడిపక్క మోకాళ్ళ మీద కూర్చుని గట్టిగా అన్నాడు. "బావా, వేరే పెట్టెలైతే ఈ చప్పుడు పలికేది కాదు. నీ పెట్టెలే ఇది. ఆ రోజే తెలుసు నాకు."

"ఆఁ?"

"వినపడలేదా?"

"వినపడింది. ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ చిన్నోడి చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కనే పెట్టె మీద పెట్టాడు. రికార్డు అయిపోయేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. "ఆ రోజు నువ్వు మాత్రం రికార్డు మీంచి సూది ఎత్తలేదు కదరా" అన్నాడు బావ చివర్లో. "ఇంకొకడైతే భయపడి ఆపేసేవాడు."

ఆ అమ్మాయి పంపిన కాగితం మీద సంతకాలయ్యాయి. టేపు బీరువాలోంచి బయటికొచ్చింది. 'రకం' దగ్గరికి వచ్చేసరికి బావ పెన్ను పట్టుకుని, "డబ్ అని ఒప్పుకున్నావు కదా, రాసేస్తున్నా" అన్నాడు. "డబ్ ఏంటి బావా, టెక్నో రికార్డు నీ కళ్ళ ముందే వేస్తే!" అన్నాడు చిన్నోడు. ఇంక అంతే. బయటికి వచ్చేశాను.

అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, "పెద్దోడా, నాలుగు కంచాలు పెడుతున్నా, ఆపి రా" అంది. ఇప్పుడే ఆపనన్నాను. పుస్తకం ముందువైపు తిప్పి, చివరి గీత కింద రాశాను.

సమయం: 5.10. హెర్ట్జ్: 44. నీళ్ళ వేడి: 84. గమనిక: నేనే తగ్గించాను. లోపల ఇద్దరూ అరుచుకుంటున్నారు.